పాత టేకు బీరువానా, పాత ఇనుప బీరువానా?

పాత సామాన్ల కొట్లో రెండూ పక్కపక్కనే ఉంటాయి. ధర అడిగే ముందు వెనక్కి వెళ్లి చూడండి.

టేకు బీరువాకి ముందువైపు పాలిష్ కొత్తగానే ఉంటుంది, అసలు సంగతి వెనక పలకలో, కాళ్ల అడుగున తెలుస్తుంది. చేవ టేకును, అంటే దుంగ నడిమి ముదురు చెక్కను, చెదలు సాధారణంగా ముట్టవు. అంచున లేతరంగులో ఉండే చెక్కను మాత్రం వదలవు. గుండుసూది తల అంత రంధ్రాలు, వాటి కింద మెత్తని పొడి కనిపిస్తే పురుగు ఇంకా లోపలే ఉండొచ్చు. స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చి చూడండి, దిగబడితే వదిలేయండి. సొరుగు పూర్తిగా బయటికి లాగి, మూలలో చెక్కలు పళ్లలా ఒకదానిలో ఒకటి కూర్చారా, మేకులే కొట్టారా చూడాలి. తలుపు అంచున చెక్క గీతలు తెగి, పైన పలుచని పొర అతికించినట్టుంటే అది పైపొర మాత్రమే టేకు (వెనీర్). దాన్ని గట్టిగా గీకితే పొర లేచిపోతుంది.

ఇనుప బీరువాకి శత్రువు అడుగు రేకు. ఇల్లు తుడిచిన నీళ్లన్నీ అక్కడే చేరతాయి. పైతుప్పు అయితే 120 నంబరు ఎమరీ కాగితంతో రుద్ది, రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ ఒక పూత, ఆరాక ఎనామిల్ రెండు పూతలు వేస్తే చాలు. వేలితో నొక్కితే రేకు విరిగేలా ఉంటే బేరం వద్దు. తలుపు బిగుసుకుంటే చాలాసార్లు తప్పు నేలదే. బీరువా కాలి కింద రేకు ముక్క పెట్టి చూడండి. లాకర్ తాళంచెవి లేకపోతే ధర తగ్గించమనండి.

పట్టుచీరలకైతే నా ఓటు టేకుకే. నగలకి, కాగితాలకి ఇనుమే. చెదల బెడద ఉన్న ఇంట్లో అయితే ఆలోచించక్కర్లేదు, ఇనుమే.