వివాహమా, పరిణయమా?

హన్మకొండలో శుభలేఖలు అచ్చేసే దుకాణంల తమ్ముని పెండ్లికార్డు ప్రూఫు చూస్తుంటే పేచీ వచ్చింది: ‘వివాహం’ అని వేయాల్నా, ‘పరిణయం’ అనా?

రెండూ సంస్కృతమే. వివాహంలో ఉన్నది ‘వహ్’ ధాతువు: మోయడం, తీసుకుపోవడం. వాహనం కూడా అందులోంచే. అంటే పిల్లను పుట్టింటి నుంచి తోలుకపోవడం. అప్పగింతలప్పుడు కారు డోరు వదలని తల్లిని చూస్తే ఈ మాట సూటిగా తగులుతది. పరిణయంలో ‘నీ’ ధాతువు, అంటే నడిపించడం. ‘పరి’ అంటే చుట్టూ. చేయి పట్టుకొని అగ్ని చుట్టూ తిప్పడమన్నట్టు. నాకిదే నచ్చింది, ఇద్దరూ నడుస్తరు గదా! కాకపోతే కార్డు మీద జర కవిత్వం వాసన. 1955 నాటి చట్టానికీ ‘హిందూ వివాహ చట్టం’ అనే పేరు.

పెద్దమ్మ అంతా విని, “లగ్గమని రాయుండ్రి బిడ్డా” అన్నది. అదీ లగ్నం నుంచి వచ్చిందే. ఆఖరికి వివాహమే అచ్చయింది.