మొదటి కుర్చీకి రెగ్జినా, గుడ్డా?

మా డైనింగ్ కుర్చీల సీట్లు నేనే మార్చుకున్నానని తెలిసిన దగ్గర్నుంచి మా భవానీపురంలో ఎవరు కనపడ్డా అడిగేది ఒకటే, మేమూ నేర్చుకుందాం అనుకుంటున్నాం, ముందు రెగ్జిన్ కొనాలా గుడ్డ కొనాలా అని. నేను నాలుగు కుర్చీల్లో రెండింటికి అదీ రెండింటికి ఇదీ వేశాను కాబట్టి చెప్తున్నా.

రెగ్జిన్‌తో సుఖాలు చాలానే ఉన్నాయి. కత్తిరిస్తే అంచు దారాలు ఊడవు, నిలువూ అడ్డం చూసుకోనక్కర్లేదు, పిల్లలు పప్పుచారు ఒలకబోసినా తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. గుడ్డ అయితే పీల్చేసుకుంటుంది. అందుకే నేనూ ముందు రెగ్జినే తెచ్చాను.

కానీ నేర్చుకునేవాళ్లకి అసలు సంగతి విప్పడం. మొదటిసారి ఎవరికీ సరిగ్గా కుదరదు, ఒకవైపు ఎక్కువ లాగేస్తాం, ఇంకోవైపు వదులవుతుంది, సీటు చెక్క అడుగున స్టేపుల్ గన్‌తో కొట్టిన పిన్నులు పీకి మళ్లీ కొట్టాలి. రెగ్జిన్‌లో పిన్ను దిగిన చిల్లు ఇక పూడదు. సీటు అడుగున కదా ఎవరు చూస్తారంటారు, నిజమే, కానీ వరసగా చిల్లులు పడ్డచోట మళ్లీ గట్టిగా లాగితే పోస్టల్ స్టాంపు చిరిగినట్టు ఆ వరస వెంబడే వచ్చేస్తుంది. నా మొదటి సీటు మూల అలాగే ఊడొచ్చింది, ఆ ముక్క పారేసి ఇంకోటి కోశాను. అదే సోఫా గుడ్డలో పిన్ను దారాల సందున దిగుతుంది, స్క్రూడ్రైవర్‌తో లేపి పీకేసి గోటితో రుద్దితే చాలావరకు సర్దుకుంటుంది, రెండు మూడుసార్లు విప్పినా బెంగ లేదు.

పైగా సన్న గళ్ల గుడ్డ తీసుకుంటే ఎక్కడ ఎక్కువ లాగారో అక్కడ గీత వంకరపోయి అప్పటికప్పుడే తెలిసిపోతుంది. ముందూ వెనకా అంచుల నడిమధ్యన ఒక్కో పిన్ను, తర్వాత పక్కలకి, అక్కణ్ణుంచి ఎదురెదురుగా మూలలవైపు కొట్టుకుంటూ పోండి. మూలకి మూడంగుళాలు ఉందనగా ఆగి, ఆఖర్న ఐమూలగా లోపలికి లాగి పిన్ను కొట్టి అటూ ఇటూ మడత పెట్టండి. రెగ్జిన్ ఇక్కడే ఉండ కడుతుంది, కాసేపు ఎండలో పెడితే మెత్తబడి మాట వింటుంది. ఎండంటే గుర్తొచ్చింది, మే నెలలో బెజవాడ ఉక్కపోతకి రెగ్జిన్ సీటు మీంచి లేవాలంటే ఒళ్లు అతుక్కుని చిరాకొస్తుంది, మా అమ్మయితే గుడ్డ వేసిన కుర్చీ వెతుక్కుని మరీ కూర్చుంటోంది.

వెల్వెట్‌కి నూగు అన్ని సీట్లకీ ఒకే దిక్కు ఉండాలి, అది తర్వాత చూసుకోవచ్చు. అసలు తోలు ఖరీదు, ఇప్పుడే వద్దు.

18 అంగుళాల సీటుకి ఫోము మందం 2, అడుగున మడతకి 2, రెండు వైపులా కలిపితే ముక్క 26 అంగుళాలు. సోఫా గుడ్డ పన్నా మామూలుగా 54 అంగుళాలు కాబట్టి అడ్డంగా రెండు ముక్కలొస్తాయి, నాలుగు కుర్చీలకి మీటరున్నర చాలు. సీటు చెక్క 12 ఎంఎం ప్లైవుడ్ అయితే పిన్ను పొడవు మాత్రం 10 ఎంఎం దాటొద్దు, పైకి పొడుచుకొస్తుంది. నా రెండు రెగ్జిన్ సీట్లూ దసరాలోపు విప్పేసి గుడ్డ వేసేస్తున్నా.