జాయింట్ అకౌంట్‌లో కోతలు: బ్రాంచికి వెళ్లాలా, అంబుడ్స్‌మన్‌కు రాయాలా, కమిషన్‌లో కేసు వేయాలా?

స్టేట్‌మెంట్‌లో 590, 590, 590, 354 అని నాలుగు కోతలు కనిపించాయి. కలిపితే 2,124 రూపాయలు. బెంగళూరు మారతహళ్లిలో మా కాపురం. అద్దె, పాలు, పనమ్మాయి జీతం, స్కూటర్ ఈఎంఐ అన్నీ నేనూ మా ఆయనా కలిసి వాడే ఒకే ఖాతాలోంచి పోతాయి. ముందు ఒకరి మీద ఒకరం అరుచుకున్నాం. బ్యాంకు గుర్తొచ్చింది ఆ తర్వాతే.

జరిగింది ఇదీ. ఈఎంఐ 6,450. ఖాతాలో 6,280 ఉంది. ముందురోజు రాత్రి ఆయన అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ కట్టి, ఆ మాట నాకు చెప్పకుండా పడుకున్నారు. 170 రూపాయలు తక్కువై ఈఎంఐ బౌన్స్ అయింది. బ్యాంకు 500, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి 590 తీసుకుంది. నాలుగు రోజులకు ఫైనాన్స్ కంపెనీ అదే ఈఎంఐ మళ్లీ పంపింది. అప్పటికి ఖాతాలో ఉన్నది 5,690. అంటే మొదటి కోతే రెండో బౌన్స్‌ను ఇంకాస్త ఖాయం చేసింది. మూడోసారీ అంతే. చివరి 354 మినిమమ్ బ్యాలెన్స్ లేనందుకు.

వీటన్నిటినీ కలిపి నేను ఓవర్‌డ్రాఫ్ట్ ఛార్జీలు అనేదాన్ని. అది తప్పు. ఓవర్‌డ్రాఫ్ట్ అంటే ఖాతాలో లేని డబ్బును బ్యాంకు ముందే ఒప్పుకున్న పరిమితి దాకా వాడుకోనివ్వడం. వాడిన మొత్తానికి, వాడిన రోజులకు వడ్డీ పడుతుంది. మాకు ఆ సదుపాయమే లేదు. మావి బౌన్స్ ఛార్జీలు, మినిమమ్ బ్యాలెన్స్ ఛార్జీ. ఈ తేడా తెలియకుండా ఫిర్యాదు రాస్తే, 'మీ ఖాతాకు ఓవర్‌డ్రాఫ్ట్ లేదు' అని ఒక్క ముక్కలో జవాబిచ్చి ఫైలు మూసేస్తారు.

ముందు బ్రాంచికి వెళ్లాను. సగం రోజు సెలవు, అవుటర్ రింగ్ రోడ్డు మీద గంట. మేనేజరు మర్యాదస్తుడు. 'ఇదొక్కసారికి చూస్తాను మేడమ్, మిగతాది స్వల్ప అడ్జస్ట్ మాడి (కొంచెం సర్దుకోండి)' అని ఒక 590 వెనక్కి వేస్తానన్నారు. వేసింది 500. ఛార్జీ తిరిగిస్తే దాని మీది జీఎస్టీ కూడా రావాలి కదా అని అడిగాక మర్నాడు ఆ 90 పడింది. పాత ఖాతాదారులకు, ఒకటీ అరా కోతలకు బ్రాంచే త్వరగా పని చేస్తుంది, ఒప్పుకుంటాను. కానీ అది మేనేజరు దయ, మన హక్కు కాదు. నోటిమాటగా జరిగింది కాబట్టి మిగతా కోతలకు మన చేతిలో ఏ ఆధారమూ మిగలదు.

అందుకే ఆ రాత్రే బ్యాంకు ఫిర్యాదుల విభాగానికి మెయిల్ పెట్టాను. ఖాతాదారులిద్దరి పేర్లు, ఒక్కో కోత తేదీ, మొత్తం, దానికి మా అభ్యంతరం ఏమిటో విడివిడిగా రాశాను. 354 విషయంలో మా చేతిలో గట్టి పాయింటే ఉంది. 2014 నవంబర్‌లో రిజర్వ్ బ్యాంక్ ఇచ్చిన ఆదేశాలు 2015 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. వాటి ప్రకారం బ్యాలెన్స్ తగ్గితే ముందు ఖాతాదారుకు చెప్పాలి, సరిచేసుకోవడానికి నెల గడువివ్వాలి. ఛార్జీ తక్కువైన మొత్తానికి తగ్గట్టు ఉండాలి. కేవలం ఈ ఛార్జీ వల్ల ఖాతా మైనస్‌లోకి పోకూడదు. మాకు ఏ కబురూ రాలేదు. 19వ రోజున 354 వెనక్కి పడింది. బౌన్స్‌ల మీద మాత్రం, 'ఈఎంఐ పంపింది ఫైనాన్స్ కంపెనీ, వాళ్లను అడగండి' అన్నారు. బాధగా ఉన్నా అందులో న్యాయం ఉంది. మైనస్ గురించిన ఆ నియమం మినిమమ్ బ్యాలెన్స్‌కే, బౌన్స్‌లకు కాదు.

బ్యాంకు కాదన్నా, 30 రోజులు పలకకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు విని పరిష్కరించే అధికారి, రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్ ఉన్నాడు. 2021 నవంబర్ 12న మొదలైన ఈ ఏకీకృత పథకంలో ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. నృపతుంగ రోడ్డులోని రిజర్వ్ బ్యాంక్ ఆఫీసుకు పరుగెత్తనూ అక్కర్లేదు, ఆన్‌లైన్‌లో పెడితే చాలు. సందేహాలకు 14448 నంబరు. ముందు బ్యాంకుకు రాసినట్టు రుజువు మాత్రం కావాలి. నా మెయిల్ విలువ అక్కడ తెలిసింది. బ్రాంచిలో ఎంతసేపు మాట్లాడినా అది రుజువు కింద చెల్లదు.

వినియోగదారుల కమిషన్ సంగతి వేరు. 2019 చట్టం కింద రెండేళ్లలోపు కేసు వేయాలి. చెల్లించిన విలువ 5 లక్షల లోపైతే ఫీజు ఉండదు, కేసు ఆన్‌లైన్‌లో కూడా వేయొచ్చు. కానీ నోటీసులు, వాయిదాలు, అఫిడవిట్లు ఉంటాయి. మిగిలిన రెండు బౌన్స్‌ల 1,180 రూపాయల కోసం అంత తిరుగుడు నాకైతే దండగ. పెద్ద మొత్తం పోయినప్పుడో, బ్యాంకు తప్పు వల్ల అసలైన నష్టం జరిగినప్పుడో ఆ దారి పట్టాలి. ఒక మెలిక గుర్తుంచుకోండి: అదే గొడవ కోర్టులోనో కమిషన్‌లోనో నడుస్తుంటే అంబుడ్స్‌మన్ ఫిర్యాదు తీసుకోడు. కోపంలో ముందే కేసు వేస్తే ఖర్చులేని దారి మూసుకుపోతుంది.

మాలాంటి చిన్న కోతలకు నా ఓటు మెయిల్‌కే. బ్రాంచికి వెళ్లినా సరే, ఇంటికొచ్చి మెయిల్ పెట్టండి. బ్యాంకు తప్పు స్పష్టంగా ఉండి కాదంటేనే అంబుడ్స్‌మన్.

ఖాతా మూసేసి వేరే చోటికి పోదామని మా ఆయన అన్నారు. ఎస్‌బీఐలో 2020 నుంచి, కెనరాలో 2025 జూన్ నుంచి పొదుపు ఖాతాలకు మినిమమ్ బ్యాలెన్స్ ఛార్జీ లేదు కాబట్టి ఆ మాటలో పస ఉంది. కానీ అక్కడికి మారినా బౌన్స్‌లు ఆగవు.

ఇంతకీ కబురు ఎందుకు రాలేదో మెయిల్ జవాబులో తెలిసింది. ఖాతాలో మొదటి పేరు ఆయనది, ఫోన్ నంబరు మేం విజయవాడలో ఉన్నప్పటిది. ఆ సిమ్ ఎప్పుడో పారేశాం. అయినా 354 వెనక్కి వేశారంటే అదృష్టమే. ఇప్పుడు మెసేజ్‌లు ఇద్దరికీ వచ్చేలా పెట్టించాం, ఈఎంఐ తేదీని జీతం పడ్డ మర్నాటికి మార్చమని ఫైనాన్స్ కంపెనీకి రాశాం. 2,124లో మాకు తిరిగొచ్చింది 944.