టెర్మినీ పక్క సందులో నాలుగో అంతస్తు: ఏడేళ్లు, ఐదు బసలు

రోమ్‌లో ఒకే హోటల్లో ఐదుసార్లు దిగాను. 2018 నవంబరులో ఒక్కణ్ణే. 2019 మేలో పెళ్లయిన కొత్తలో మా ఆవిడతో. 2022లో ఆఫీసు మిత్రులతో. 2023 డిసెంబరులో తెనాలి నుంచి వచ్చిన అమ్మానాన్నలతో. మొన్న 2025 అక్టోబరులో మా ఇద్దరం, మూడేళ్ల పాప. అంత బాగుంటుందా అని అడిగితే, బాగుండదు. మరెందుకు వెళ్తున్నావంటే అదే చెప్పబోతున్నాను. పేరు మాత్రం రాయను. రాసేవాటిలో తిట్లే ఎక్కువ. పైగా టెర్మినీ స్టేషను చుట్టుపక్కల ఇలాంటివి వీధికి నాలుగున్నాయి, ఇందులో ముప్పాతిక భాగం వాటికీ వర్తిస్తుంది.

ముందు ఒక సంగతి. హోటల్ అనగానే మనకు ఒక భవనం, దాని మీద బోర్డు, కింద రిసెప్షన్ గుర్తొస్తాయి. ఇక్కడ అలా కాదు. పాతకాలపు పెద్ద అపార్టుమెంటు భవనం. రెండో అంతస్తులో ఒక లాడ్జీ, మూడులో ఎవరో వకీలు ఆఫీసు, నాలుగులో మన హోటల్, ఐదులో సంసారాలు. వీధి తలుపు దగ్గర ఇత్తడి గంట బొత్తాల వరుసలో మన హోటల్ పేరు చిన్న అక్షరాల్లో ఉంటుంది. మొదటిసారి, జర్మనీలో నేనుండే మ్యూనిక్ నుంచి రాత్రి రైల్లో వచ్చి, నిద్రకళ్లతో ఆ తలుపు ముందు నుంచే మూడుసార్లు అటూ ఇటూ నడిచాను. ఇంకో చిక్కు, వాళ్ల నాలుగంటే నేలతో కలిపి లెక్కపెడితే ఐదు. నేల అంతస్తు సున్నా. దానికీ ఒకటికీ మధ్య ఈ భవనంలో ఒక పొట్టి అంతస్తు కూడా ఉంది, దాన్ని అసలు లెక్కలోకే తీసుకోరు. మెట్లెక్కేవాడి మోకాళ్లు మాత్రం తీసుకుంటాయి.

అందుకే లిఫ్టు గురించి వివరంగా చెప్పాలి. మెట్ల మధ్య ఖాళీలో ఇనుప జాలీ, అందులో చెక్క పెట్టె. బయట జాలీ తలుపు ఒకటి, లోపల రెండు రెక్కల చెక్క తలుపు ఒకటి. ఎక్కాక రెండూ మనమే మూయాలి. దిగాక కూడా రెండూ మూయాలి. ఒక్క రెక్క వేలెడంత తెరుచుకుని ఉన్నా లిఫ్టు అక్కడే బిగుసుకుపోతుంది, కింద ఎవరు ఎన్నిసార్లు నొక్కినా కదలదు. ఐదో అంతస్తు ముసలావిడ ఒకసారి మెట్ల మీంచి వంగి ఇటాలియన్లో అరిచిన అరుపులు నాకు ముక్క అర్థం కాకపోయినా, తలుపు మూయలేదని తిడుతోందని వెంటనే తెలిసిపోయింది. ముగ్గురికని రాసి ఉంటుంది. నిజానికి ఒక మనిషి, ఒక పెద్ద సూట్‌కేసు. అమ్మానాన్న వచ్చినప్పుడు ఇరవై మూడు కిలోల పెట్టెలు నాలుగు. నేను పెట్టెతో పైకి, పెట్టె దించి కిందికి, ఇలా నాలుగు ట్రిప్పులు. నాన్న మాత్రం "మనుషుల్ని మోసే యంత్రంలా లేదురా, ధాన్యం బస్తాలు ఎత్తే దానిలా ఉంది" అని మెట్ల మీదే వచ్చారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను తీసుకెళ్లేవాళ్లు గది ఫోటోలు చూసేముందు లిఫ్టు సంగతి ఈమెయిల్లో అడగండి. లిఫ్టు ఉందా అని కాదు, వీధి మట్టం నుంచే ఉందా అని. చాలాచోట్ల అరడజను మెట్లెక్కాక మొదలవుతుంది.

గది ఇవ్వడం మధ్యాహ్నం రెండు తర్వాతే. పొద్దున్నే దిగితే సామాను ఒక అరలో పెట్టుకుంటారు, డబ్బు అడగరు. పాస్‌పోర్టు తీసుకుని వివరాలు రాసుకుంటారు. బస చేసేవాళ్ల వివరాలు పోలీసులకు పంపడం అక్కడ చట్టం, కంగారు పడక్కర్లేదు. తాళంచెవికి గుప్పెడంత ఇత్తడి గుండు వేలాడదీసి ఉంటుంది. బయటికి వెళ్లేటప్పుడు డెస్కు దగ్గర ఇచ్చి వెళ్లాలని దాని అర్థం. జేబులో వేసుకుని కలోసియం దాకా నడిచి చూశాను, ప్యాంటు జారిపోయింది.

గది చిన్నది. మంచం విషయంలో బుక్ చేసేటప్పుడే మాట తేల్చుకోవాలి. వాళ్లు 'మాత్రిమొనియాలే' (పెళ్లయినవాళ్ల మంచం) అంటే ఒకే పెద్ద పరుపు. మామూలుగా డబుల్ అని వదిలేస్తే రెండు ఒంటి మంచాలు జరిపి పైన ఒక దుప్పటి పరిచి ఇస్తారు. 2019లో మాకు దక్కింది అదే. అర్ధరాత్రి మంచాలు మెల్లగా విడిపోయి మధ్యలో చెయ్యి పట్టేంత సందు ఏర్పడింది. పెళ్లయిన నాలుగో నెల. మా ఆవిడ ఆ మాట ఇప్పటికీ ఎత్తుతుంది.

చలి గురించి కూడా ఆ ట్రిప్పులోనే తెలిసింది. మే మొదటి వారం, ఎండలు కాస్తాయనుకుని పల్చటి బట్టలతో వెళ్లాం. వానా, ఈదురుగాలీ. రేడియేటర్ ముట్టుకుంటే రాయిలా ఉంది. రోమ్‌లో ఇళ్లకు హీటింగు నవంబరు 1 నుంచి ఏప్రిల్ 15 దాకానే, అది కూడా రోజుకు పన్నెండు గంటలకు మించకుండా. ఈ భవనం మొత్తానికి ఒకటే బాయిలర్, కాబట్టి అపార్టుమెంట్లకు ఆపేస్తే హోటల్‌కూ ఆగిపోయినట్టే. బీరువా పైఅరలో అదనపు కంబళ్లుంటాయి, ఎవరూ చెప్పరు. కుర్చీ వేసుకుని తీసుకోవాలి.

ఇక బాత్రూము. మన వాళ్లకు ఇటలీలో దొరికే మొదటి సుఖం బిడే. జర్మనీలో కాగితంతో సర్దుకోలేక, ప్లాస్టిక్ మగ్గు సూట్‌కేసులో పెట్టుకు తిరిగేవాణ్ణి నేను. ఇక్కడ కమోడు పక్కనే పొట్టిగా ఇంకో గిన్నె, దానికి కుళాయి, వేడినీళ్లూ చన్నీళ్లూ. ప్రతి ఇంట్లో కనీసం ఒక బాత్రూములో బిడే ఉండి తీరాలని 1975లోనే అక్కడి ఆరోగ్య శాఖ ఉత్తర్వు వేసింది. ఇంత చిన్న బాత్రూములో కూడా ఆ గిన్నె కోసం చోటు వదిలారు, దాని బదులు స్నానానికి మాత్రం టెలిఫోన్ బూతంత గాజు పెట్టె మిగిల్చారు. సబ్బు జారిపడితే వంగడానికి వీల్లేదు, తలుపు తెరిచి బయటికి వచ్చి తీసుకోవాలి. నాన్న ఆ గిన్నెను చూసి "కాళ్లు కడుక్కోవడానికి భలే పెట్టారే" అన్నారు. నేను సరిదిద్దలేదు. తర్వాత తెలిసింది, ఇటాలియన్లూ అందులో కాళ్లు కడుక్కుంటారట.

ఆ గాజు పెట్టెలో పైనుంచి ఒక తాడు వేలాడుతుంది. సన్నగా, తెల్లగా, చివర చిన్న ప్లాస్టిక్ గుండుతో. అమ్మ మొదటి రాత్రి స్నానం చేసి, ఉతికిన చీర జాకెట్టు ఎక్కడ ఆరేయాలా అని చూసి ఆ తాడుకు వేలాడదీసింది. రెండు నిమిషాల్లో తలుపు దబదబ బాదుతున్నారు. నేను పక్క గదిలోంచి పరిగెత్తుకొచ్చేసరికి వరండాలో ఎర్ర లైటు వెలుగుతోంది, డెస్కు దగ్గర గంట ఆగకుండా మోగుతోంది, రాత్రి డ్యూటీ అబ్బాయి చేతిలో మాస్టర్ తాళంచెవితో వగరుస్తున్నాడు. స్నానాల గదిలో ఎవరైనా జారిపడితే లాగమని పెట్టిన తాడది. అమ్మ తలుపు ఓరగా తీసి, "ఏమైంది బాబూ, కింద ఏమైనా నిప్పంటుకుందా?" అని అతన్నే అడిగింది, తెలుగులో. అతను బంగ్లాదేశీ. టీవీ చూసి నేర్చిన హిందీ వచ్చు. అమ్మది హైదరాబాదులో పిన్ని వాళ్లింట్లో నేర్చిన హిందీ. ఆ రెండు హిందీలూ ఎలా కలిశాయో గానీ, మర్నాటి నుంచి నాన్న చాచా, అమ్మ చాచీ.

మూడోరోజు ఇంకో ముచ్చట. ఇటలీ హోటళ్లలో గదిలో కెటిల్ ఉండడం అరుదు, అందుకని మ్యూనిక్ నుంచి మాది పట్టుకెళ్లాను. మొదట ప్లగ్గే పట్టలేదు. జర్మన్ లావు ప్లగ్గు ఆ గోడల్లోని మూడు బెజ్జాల వరుసలో దూరదు, ఇండియా నుంచి తెచ్చిన నాన్న ఫోను చార్జరు సన్న పుల్లలు మాత్రం ఇట్టే దూరాయి. అడాప్టర్ కొని కెటిల్ పెట్టాం. అదే లైనులో మా ఆవిడ హెయిర్ డ్రయ్యర్ వేసింది. టప్‌మని మా రెండు గదులూ, ఎదుటి గదీ చీకటి. ఇటలీలో మామూలు ఇళ్లకిచ్చే కరెంటు కనెక్షనే మూడు కిలోవాట్లు, ఈ హోటల్లో గదుల వైరింగు అంతకన్నా దయగా లేదు. చాచీకి పొద్దున ఆరుకి, రాత్రి తొమ్మిదికి ఫ్లాస్కు నిండా వేడినీళ్లు ఆ అబ్బాయే పంపాడు. నిజం చెప్పాలంటే ఈ హోటల్లో నాలుగో నక్షత్రం ఏదైనా ఉంటే అది రాత్రి డెస్కే. బోర్డు మీద మూడే ఉన్నాయి.

ఆ నక్షత్రాలకో ఖర్చుంది. గది అద్దె కాక, నగర పన్ను మనిషికి, రాత్రికి ఇంత అని విడిగా కట్టాలి. రోమ్‌లో మూడు నక్షత్రాల హోటల్‌కు నేను మొదట వెళ్లినప్పుడు నాలుగు యూరోలుండేది, 2023 అక్టోబరు నుంచి ఆరు. పదేళ్లలోపు పిల్లలకు లేదు. అమ్మానాన్నలతో వెళ్లినప్పుడు పెద్దవాళ్లం నలుగురం, నాలుగు రాత్రులు: 96 యూరోలు. బుకింగ్ సైట్లో కనిపించే ధరలో ఇది చాలాసార్లు కలిసి ఉండదు. వెళ్లేరోజు డెస్కులో నగదు కావాలన్నారు, నేను కార్డు చాపాను, మొహం కాస్త మాడింది గానీ తీసుకున్నారు. రసీదు అడిగి తీసుకోండి. అద్దె 2018లో రాత్రికి 54 యూరోలిచ్చాను. 2025 కాథలిక్కుల జూబిలీ సంవత్సరం, ఊరంతా యాత్రికులు, అదే గదికి 121.

బ్రేక్‌ఫాస్ట్ తీసుకోకండి. ప్లాస్టిక్ కవర్లో కొర్నెత్తో (నెలవంక ఆకారంలో ఉండే తియ్య రొట్టె), కరకరలాడే ఎండు రొట్టె ముక్కలు, బొత్తాం నొక్కితే కాఫీ అనిపించుకునే ద్రవం. చీజ్ పక్కనే పంది మాంసం పొరలు, రెండిటికీ ఒకటే పటకారు. అమ్మ అది చూసి ఆ గదిలోకే రావడం మానేసింది. వీధి మలుపులో ఏ బార్‌కైనా (అక్కడ బార్ అంటే కాఫీ కొట్టు) వెళ్లి నిలబడి కాఫీ తాగండి, కూర్చుంటే ధర వేరు. కొన్నిచోట్ల ముందు గల్లాలో డబ్బు కట్టి, చీటీ తెచ్చి కౌంటరు మీద పెట్టాలి. తెలియక నేను మొదటిరోజు పది నిమిషాలు నవ్వుతూ నిలబడ్డాను.

ఇన్ని తిట్టాక కూడా వెళ్లేది చోటు కోసం. ఫియుమిచీనో విమానాశ్రయం నుంచి ఎక్కడా ఆగని రైలు అరగంటలో టెర్మినీలో దించుతుంది, మనిషికి 14 యూరోలు. మెట్రో A, B లైన్లు కలిసేది అక్కడే. సాంతా మరియా మజ్జోరె అనే పెద్ద చర్చి నడిచి ఆరు నిమిషాలు. పోప్ ఫ్రాన్సిస్‌ను 2025 ఏప్రిల్లో అక్కడే సమాధి చేశారు, అక్టోబరులో మేం వెళ్లేసరికి పొద్దున ఎనిమిదికే వరుస మెట్లు దాటింది. ఇంకో వైపు నడిస్తే ఎస్క్విలీనో మార్కెట్టు. బెండకాయలు, పచ్చిమిరపకాయలు, కొత్తిమీర, రకరకాల బియ్యం, అమ్మేవాళ్లలో సగం మన వైపు మొహాలే. అమ్మ అక్కడ కిలో ధరకు బేరమాడి, ఓడిపోయి, అయినా కొంది. వంట ఎక్కడ చేస్తావమ్మా అంటే, "పచ్చివైనా కొరుక్కుంటాను" అంది. నీళ్ల సీసాలు కొనకండి, వీధుల్లో ఇనుప ముక్కుల కుళాయిల్లో రాత్రింబవళ్లు మంచినీళ్లు పారుతుంటాయి. ముక్కు చివర వేలితో మూస్తే పైనున్న బెజ్జంలోంచి నీళ్లు నోటికి అందేలా ఎగుస్తాయి. మా పాపకు రోమ్ అంటే ఇదొక్కటే గుర్తుంది.

రాత్రి పది దాటాక స్టేషను వాకిలి అంత హాయిగా ఉండదు. తాగినవాళ్లు, అట్టల మీద పడుకున్నవాళ్లు. ఏడేళ్లలో మాకేమీ జరగలేదు. వాటికన్‌కు వెళ్లే 64 నంబరు బస్సులో మాత్రం మా ఆవిడ హ్యాండ్‌బ్యాగు జిప్పు ఎవరో తెరిచారు. లోపల డైపర్లే ఉన్నాయి.

వీధి వైపు గది ఇస్తే తెల్లవారుజామున సీసాల చెత్తబండి లేపుతుంది, రాళ్లు పరిచిన రోడ్డు మీద సూట్‌కేసు చక్రాల చప్పుడు ఇక ఆగదు. లోపలి పెరడు వైపు గది అడగండి. వెలుతురు ఉండదు, పక్కింటివాళ్ల వంటల వాసన వస్తుంది, నిద్ర మాత్రం పడుతుంది. వైఫై మంచం మీద రాదు, కిటికీ దగ్గర వస్తుంది.

మొన్న అక్టోబరులో పాపతో, మడత బండితో వెళ్లేసరికి లిఫ్టు జాలీ మీద కాగితం అంటించి ఉంది, 'గ్వాస్తో' అని. అంటే చెడిపోయింది. ఎప్పటి నుంచని అడిగితే డెస్కులో కొత్త కుర్రాడు భుజాలెగరేశాడు. పాత రాత్రి డ్యూటీ అబ్బాయి సొంతంగా ఏదో షాపు పెట్టుకున్నాడట. నాలుగు రోజులు పాపను భుజానేసుకుని, వాళ్ల లెక్కలో నాలుగు, నా లెక్కలో ఆరు అంతస్తులు ఎక్కి దిగాను. అద్దెలో ఏమైనా తగ్గించమన్నాను. చాలాసేపు కంప్యూటర్లోకి చూసి, ఫోనులో ఎవరితోనో మాట్లాడి, నాలుగు పూటలూ బ్రేక్‌ఫాస్ట్ ఉచితం అన్నారు.