బస్తీ దవాఖాన: గోలీల కంటే రక్తపరీక్షలకే విలువ

2018 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో మొదలైన బస్తీ దవాఖానలకు, అంటే సర్కారు ఉచిత క్లినిక్‌లకు, చాలామంది జ్వరం గోలీల కోసమే పోతుంటారు. ఆ మాత్రానికి మెడికల్ షాపు చాలు. వీటి అసలు సత్తా రక్తపరీక్షల్లో ఉంది. చూడ్డానికి ఒక డాక్టరు, ఒక నర్సు, ఒక సహాయకుడు, అంతే. వెనక మాత్రం నారాయణగూడ ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) తెలంగాణ డయాగ్నస్టిక్స్ ల్యాబ్ ఉంది. మొదట 57 రకాలున్న పరీక్షలు తర్వాత 134కు పెరిగాయి. థైరాయిడ్, కొలెస్ట్రాల్, కిడ్నీ, లివర్... దేనికీ పైసా కట్టనక్కర్లేదు.

చిక్కంతా దవాఖానకూ ల్యాబ్‌కూ మధ్య దారిలోనే. రక్తం ఇక్కడ తీస్తారు, పరీక్ష అక్కడ జరుగుతుంది. మామూలు ట్యూబులో వదిలేస్తే రక్తకణాలే చక్కెరను తినేస్తాయి. గంటకు 5 నుంచి 7 శాతం దాకా పడిపోతుంది. అందుకే షుగర్‌కు బూడిదరంగు మూత ట్యూబు. అందులోని ఫ్లోరైడ్ ఆ తరుగుదలకు అడ్డు పడుతుంది. సీబీపీకి (రక్తకణాల లెక్క), హెచ్‌బీఏ1సీకి (రెండు మూడు నెలల షుగర్ సగటు) ఊదారంగు మూత. రక్తం నింపగానే ట్యూబును ఊపకూడదు, నెమ్మదిగా ఎనిమిది పది సార్లు తలకిందులు చేయాలి. గట్టిగా ఊపినా, సన్న సూదితో బలంగా లాగినా కణాలు పగిలి పొటాషియం ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే నీరు) తీసే ట్యూబును సెంట్రిఫ్యూజ్‌లో, అంటే గిర్రున తిప్పే యంత్రంలో, పెట్టేముందు అరగంట నిలబెట్టి గడ్డకట్టనివ్వాలి. రద్దీ రోజుల్లో ఈ అరగంటకే ఎసరొస్తుంది. రిపోర్టులో పొటాషియం ఒక్కటే వింతగా పెరిగి, మనిషి బాగానే ఉంటే, భయపడే ముందు మళ్లీ రక్తం ఇవ్వడం మంచిది.

పోయేవాళ్లు చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. పరగడుపు షుగర్‌కు కనీసం 8 గంటలు ఏమీ తినొద్దు, నీళ్లు తాగొచ్చు. హెచ్‌బీఏ1సీకి ఆ పస్తు అక్కర్లేదు. సాంపిల్ బండి ఎన్నింటికి వస్తుందో ముందే అడగండి, అది వెళ్లాక తీసిన రక్తం ఎక్కువసేపు అక్కడే ఉండిపోతుంది. చీటీ మీద ఫోన్ నంబరు ఒకసారి చూసుకోండి: రిపోర్టు వచ్చేది ఆ ఫోనుకే. ఒక్క అంకె తప్పినా సర్కారు ఖర్చు, మీ రక్తం రెండూ వృథా.

బీపీ, షుగర్ గోలీలూ ఉచితమే. కాకపోతే కంపెనీ మారుతూ ఉంటుంది. పాత స్ట్రిప్ పట్టుకెళ్లి మందు పేరు, మిల్లీగ్రాములు డాక్టరుకు చూపించండి. తెల్లగోలీ పోయి పచ్చగోలీ వచ్చిందని రెండూ మింగేవాళ్లు ఉన్నారు, ముఖ్యంగా పెద్దవాళ్లు. స్టాకు అయిపోవడమూ మామూలే, కాబట్టి చివరి గోలీ దాకా ఆగకుండా వారం ముందే పోవాలి.

ఎక్స్‌రే, స్కానింగ్ ఇక్కడ ఉండవు. డాక్టరు రాసిస్తే రేడియాలజీ మినీ హబ్‌కు (సర్కారు స్కానింగ్ కేంద్రం) పోవాలి. ఛాతీనొప్పి, మూతి వంకర పోవడం లాంటివైతే ఇక్కడ లైన్లో నిలబడొద్దు, నేరుగా 108కి ఫోన్ చేయండి.