ఉన్న బలమా, వాడని వైపా?

కోరికలు తీరాలని రొట్టెలు మార్చుకునే, నెల్లూరు స్వర్ణాల చెరువులో జరిగే రొట్టెల పండుగకు ఏటా అక్కతో కలిసి వెళ్తాను. అక్క పది నిమిషాల్లోనే కొత్తవాళ్లతో రొట్టెలు మార్చుకుని, వాళ్ల కోరికలన్నీ తెలుసుకుని వస్తుంది. నేను గట్టున కూర్చుని నీళ్లనూ జనాన్నీ చూస్తూ ఉంటాను. 1921లో స్విట్జర్లాండ్ మనోవైద్యుడు కార్ల్ యూంగ్ బహిర్ముఖులు, అంతర్ముఖులు అని వేరు చేసి చెప్పింది ఈ తేడానే. ఒకరి మనశ్శక్తి బయటి మనుషులవైపు పారుతుంది, మరొకరిది లోపలి ఆలోచనలవైపు.

మరి ఎదగడం ఎలా? సహజ బలానికే సాన పట్టడం ఒక దారి. చదువులో, ఉద్యోగంలో అదే తొందరగా అక్కరకొస్తుంది. వాడని వైపును మేల్కొల్పడం రెండో దారి. ఇది నెమ్మది, ఇబ్బంది కూడా. అయినా నడివయసులో నేను దీనివైపే మొగ్గుతాను. అణచిపెట్టిన వైపు మాయం కాదని, మనకు తెలియకుండానే మొరటుగా బయటపడుతుందని యూంగ్ గమనించాడు. ఒంటరిగా ఉన్న రోజు అక్కను కమ్మే దిగులు, ఉన్నట్టుండి నాలో ఎగసే కోపం అలాంటివే అనుకుంటాను. స్వభావాన్నే తిరగేయాలని కాదు. నిరుడు నేను చెరువులోకి దిగి, తెలియని ఒక తల్లిని పలకరించి విద్యా రొట్టె అందుకున్నాను. ఆ సాయంత్రం అక్క నా పక్కన గట్టున అరగంట మాట్లాడకుండా కూర్చుంది.