స్క్రీన్ నుంచి బోర్డుకి: ఒక్కరే సాధన చేయడమా, మనిషితో ఆడటమా? ఏది మేలు?

ఆన్‌లైన్ చెస్‌లో 1600 రేటింగ్ దాటినవాళ్ళు ఈ మధ్య నన్ను ఒకటే ప్రశ్న అడుగుతున్నారు. "టోర్నమెంట్‌కి పేరిచ్చేశానండీ, బోర్డు మీద ఆడిన అలవాటు లేదు. ఇంట్లో బోర్డు కొనుక్కుని నేనే కూర్చోనా, ఎవరితోనైనా ఆడనా?" రెండూ చేసి చూసినవాణ్ణి కాబట్టి నా అనుభవం చెప్తాను. నాకర్థమైనంతలో ఒకటి కళ్ళకి మందు, ఇంకొకటి చేతికి.

ముందు కళ్ళ సంగతి. ఫోన్‌లో బోర్డుని పైనుంచి చూస్తాం. బల్ల దగ్గర ఏటవాలుగా చూస్తాం, అవతలివైపు పావులు ఒకదాని చాటున ఒకటి దాక్కుంటాయి. నా మొదటి రేటెడ్ టోర్నమెంట్, మొదటి రౌండ్. నావి తెల్లపావులు. జి బంటుని అప్పటికే ముందుకి తోసేశాను, రూక్ ఇంకా హెచ్1లోనే ఉంది (గళ్ళ నిలువు వరసలకి ఎ నుంచి హెచ్ దాకా అక్షరాలు, అడ్డ వరసలకి 1 నుంచి 8 దాకా అంకెలు). (మా తాతగారు ఏనుగు అనేవారు. నాకు యాప్ పుణ్యమా అని రూక్ అనే అలవాటైంది.) అవతలి కుర్రాడు సి6లో ఉన్న గుర్రాన్ని ఎ5కి జరిపాడు. అంచుకి వెళ్ళిన గుర్రం కదా, పట్టేద్దామని బి4 తోశాను. గుర్రం లేచిపోగానే బి7లో ఉన్న బిషప్ ఏటవాలుగా మూల నుంచి మూలకి చూస్తోందని నాకు తట్టనే లేదు. వాడు చెయ్యి చాచి నా రూక్‌ని తీసుకుని పక్కన పెట్టుకున్నాడు. ఫోన్‌లో అయితే ఆ గీత అర సెకనులో కనిపించేది.

దీనికి ఇంట్లో బోర్డు చాలు. రోల్ చేసి పెట్టుకునే బోర్డు, ప్లాస్టిక్ పావులు సరిపోతాయి. అయితే రాజు ఎత్తు 9.5 సెంటీమీటర్లకి దగ్గరగా ఉండాలి, టోర్నమెంట్లలో ఉండే సైజు అదే. అయస్కాంతాల బుల్లి ట్రావెల్ సెట్‌తో కళ్ళకి అలవాటు పడదు. యాప్‌లో పజిల్ తీసి బోర్డు మీద పేర్చండి, జవాబు దొరికేదాకా ఫోన్ బోర్లా పెట్టేయండి. 15 నిమిషాల ఆటలు ఆడేటప్పుడు కూడా అవతలి ఎత్తుని బోర్డు మీద వేసి, అక్కడే ఆలోచించి, తర్వాత ఫోన్‌లో వేయండి. చివరి ఎత్తుకి రంగు పూయడం, వెళ్ళగలిగే గళ్ళలో చుక్కలు చూపించడం లాంటివన్నీ సెట్టింగ్స్‌లో ఆపేయండి. రోజుకి అరగంట చొప్పున కూర్చుంటే నాకు మూడు వారాల్లో కళ్ళు కుదురుకున్నాయి.

చెయ్యి కుదురుకోవడానికి మాత్రం ఆరు నెలలు పట్టింది. అందుకే నా ఓటు మనిషికి.

ఫోన్‌లో పావుని పట్టుకుని, లాగి, నచ్చకపోతే వెనక్కి వదిలేస్తాం. రోజుకి వందసార్లు చేస్తాం, చేస్తున్నట్టు కూడా తెలియదు. బోర్డు మీద ముట్టుకున్న పావునే కదపాలి. అదే టోర్నమెంట్‌లో మూడో రౌండ్‌లో క్యాస్లింగ్ (రాజునీ రూక్‌నీ ఒకే ఎత్తులో జరిపి రాజుని భద్రం చేయడం) చేద్దామని చెయ్యి చాచి రూక్‌ని ముందు పట్టుకున్నాను. రాజుని ముందు పట్టుకోవాలని, అదీ ఒక్క చేత్తోనే చేయాలని రూల్ నాకు తెలుసు. పుస్తకంలో చదివాను కూడా. చేతికి తెలియదు, అంతే. అవతలాయన గడియారం ఆపి ఆర్బిటర్‌ని, అంటే ఆట న్యాయనిర్ణేతని, పిలిచారు. రూక్‌నే జరపాల్సి వచ్చింది, ఇక ఆ వైపు క్యాస్లింగ్ లేదు. నా రాజు ఆట అయిపోయేదాకా నడిబజార్లోనే నిలబడ్డాడు. 2016లో మాస్కోలో జరిగిన క్యాండిడేట్స్‌లో (ప్రపంచ చాంపియన్‌తో ఎవరు తలపడాలో తేల్చే టోర్నమెంట్) అమెరికా గ్రాండ్‌మాస్టర్ హికారు నకమురా అంతటివాడే అరోనియన్‌తో ఆట చివరి దశలో రాజుని ముట్టుకుని, ఆ తర్వాత గడిలో సర్దుతున్నానన్నాడు. ఒప్పుకోలేదు, రాజునే కదిపి ఆట పోగొట్టుకున్నాడు. సర్దుతున్నానని ముట్టుకోకముందే చెప్పాలి, అదీ మన వంతులోనే.

ఒక్కరే కూర్చుని చేసే సాధన ఈ జబ్బుని ఇంకా పెంచుతుందన్నది నా అనుమానం. ఒంటరిగా ఉన్నప్పుడు "ఇలా వెళ్తే?" అంటూ పావులు కదిపి చూసుకుంటాం, మళ్ళీ వెనక్కి పెడతాం, అడిగేవాళ్ళుండరు. ఆ చెయ్యే టోర్నమెంట్‌కి వస్తుంది.

మా కింది వాటాలో రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన ఉన్నారు. ఆన్‌లైన్ అంటే ఆయనకి పడదు. మొదటి ఆటలో నేను గుర్రం మీద వేలు పెట్టి తీశాను. ఆయన కళ్ళజోడు పైనుంచి చూసి, "పట్టుకున్నావు బాబూ" అన్నారు, అంతే. ఆ గుర్రం కదిపితే క్వీన్ పోతుందని ఇద్దరికీ తెలుసు. కదిపాను. ఆ రోజు నుంచి ఆలోచిస్తున్నంతసేపూ చేతులు తొడల కింద పెట్టుకోవడం మొదలుపెట్టాను. చూడటానికి బాగుండదు కానీ పనిచేసింది.

మనిషి ఎదురుగా ఉంటే మిగతావన్నీ వాటంతటవే వస్తాయి. ఎత్తు వేశాక స్కోర్‌షీట్‌లో రాయడం, ఎత్తు వేసిన చేత్తోనే గడియారం నొక్కడం, చెక్‌లో ఉన్నామని ఎవరూ గుర్తుచేయకుండా చూసుకోవడం. ఒకే పొజిషన్ మూడుసార్లు వస్తే కొన్ని యాప్‌లు తామే డ్రా ఇచ్చేస్తాయి, ఇక్కడ మనమే ఆర్బిటర్‌ని పిలిచి అడగాలి. బంటు చివరి గడికి చేరితే నిజం క్వీన్‌ని తెచ్చి పెట్టాలి. 2017లో కెనడా చాంపియన్‌షిప్ టైబ్రేక్‌లో నోరిత్సిన్ అనే ఆటగాడు క్వీన్ దొరక్క రూక్‌ని తలకిందులుగా పెట్టాడు. ఆర్బిటర్ దాన్ని రూక్‌గానే లెక్కపెట్టారు. క్వీనేమో అవతలి ఆటగాడు సాంబుయెవ్ చేతిలో ఉంది!

యాప్‌లో త్రీడీ బోర్డు పెట్టుకుంటే చాలదా అని కొందరంటారు. నాకు కళ్ళు నొప్పెట్టడం తప్ప ఏమీ ఒరగలేదు. పావులు కదిపితే ఫోన్‌లో వాటంతటవే నమోదయ్యే ఎలక్ట్రానిక్ బోర్డులు బాగుంటాయి, డబ్బుంటే కొనుక్కోండి.

టోర్నమెంట్ వారంలోనే ఉంటే మాత్రం నా మాట పక్కనపెట్టి ఇంట్లో బోర్డు ముందు కూర్చోండి, కళ్ళయినా కుదురుకుంటాయి. నెల పైన సమయముంటే మనిషిని వెతుక్కోండి. ఆయన మీకంటే బలహీనంగా ఆడినా పర్వాలేదు, అసలు ఆట రాకపోయినా పర్వాలేదు. మాస్టారు ఊరెళ్ళినప్పుడు మా అక్క కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని పజిల్స్ చేశాను. దానికి ఎనిమిదేళ్ళు, గుర్రం ఎటు దూకుతుందో కూడా తెలియదు. ఆలోచిస్తూ పావుని ముట్టుకుంటే రూపాయి ఇవ్వాలని ఒప్పందం. మొదటి వారం నలభై మూడు రూపాయలు వసూలు చేసింది. నాలుగో వారానికి ఆరు రూపాయలే వచ్చాయని అలిగి, రేటు పెంచమంది.